ఆవిరి ఈల వేసే పుతు

ఇండోనేషియా నగరం సురబాయాలో చీకటి పడే వేళకు వీధి చివరి నుంచి సన్నని ఈల ఒకటి ఎడతెగకుండా వినిపిస్తుంది. మొదటిరోజు ఎవరో పొయ్యి మీద కుక్కర్ మరచిపోయారనుకున్నాను. అది పుతు అనే తీపి వంటకం అమ్మే బండి అని, ఈల వేస్తున్నది మనిషి కాదని, నీళ్లు మరిగే రేకు డబ్బాకు అమర్చిన చిన్న గొట్టంలోంచి తోసుకువచ్చే ఆవిరి అని తరువాత తెలిసింది. పుతును ఉడికించే ఆవిరే వీధిలోని వారిని పిలుస్తుంది కనుక అమ్మే ఆయనకు కేకలు వేసే పని లేదు.

ఇండోనేషియాలో కువే పుతు అనే ఈ తీపి వంటకానికి ముతక బియ్యప్పిండి, ఆకుపచ్చ రంగుకూ వాసనకూ పాండన్ ఆకుల రసం, జావా బెల్లం, కొబ్బరి తురుము చాలు. పనితనమంతా పిండి తడపడంలోనే ఉంది. పిడికిట పట్టితే ముద్దకట్టి, వేళ్లతో నలిపితే పొడిగా విడిపోయేటంత తడి మాత్రమే ఉండాలి. ఎక్కువైతే పిండి బిగుసుకుపోయి ఆవిరి పైకి సాగదు, తక్కువైతే పుతు చేతిలోనే రాలిపోతుంది. బండి ఆయన రెండు వేళ్ల లావు వెదురు గొట్టంలో సగం దాకా పిండి వేసి, చిటికెడు బెల్లం తురుము పెట్టి, పైన మళ్లీ పిండి నింపాడు కానీ ఎక్కడా అదమలేదు. డబ్బా మూతకున్న రంధ్రం మీద గొట్టాన్ని నిలబెట్టి, కొద్ది నిమిషాల తరువాత పుల్లతో పుతును అరిటాకు మీదికి తోసి, కొబ్బరి చల్లాడు.

ఆత్రంగా కొరికాను. లోపల కరిగిన బెల్లం నాలుకను కాల్చి, చొక్కా మీదికి కారింది. "పెలాన్-పెలాన్, పాక్," అన్నాడాయన, నిదానంగా తినమని.

ఇది కేరళ పుట్టుకు చుట్టమే, పేరులోనూ పద్ధతిలోనూ. అయితే అక్కడ శనగల కూరతో తినేదాన్ని ఇక్కడ బెల్లంతో నింపుతారు. ఈమధ్య కొందరు వెదురుకు బదులు ప్లాస్టిక్ గొట్టాలు వాడుతున్నారు. మరిగే ఆవిరిలో ప్లాస్టిక్ పెట్టడం నాకు రుచించదు, వెదురు వాసన పోవడం అంతకన్నా రుచించదు.

రెండో ఆకు అడిగేసరికి ఆయన డబ్బాలో చన్నీళ్లు పోశాడు. ఈల ఠక్కున ఆగిపోయింది. నీళ్లు మళ్లీ మరిగి కూత అందుకునేదాకా, పదివేల ఇండోనేషియా రుపియాల నోటు చేత్తో పట్టుకుని, అక్కడే నిలబడ్డాను.