అచ్చు విప్పే పూట

గోదావరి డెల్టాలో ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఊరి చివర ఒక సిమెంటు యార్డు తగులుతుంది. జాలీలు, బాలుస్టర్లు (పిట్టగోడకు పెట్టే పొట్టి స్తంభాలు), కాంపౌండ్ పలకలు, తులసికోటలు అక్కడే పోస్తారు. ఈమధ్య ఇంటి ముందుభాగానికి బిగించే పెద్ద డిజైన్ ప్యానెళ్లు కూడా పోస్తున్నారు. ఈ పనిలో సరుకు పాడయ్యేదీ మనిషికి దెబ్బ తగిలేదీ ఎక్కువగా ఒకే పూట, పోసిన మర్నాడు అచ్చు విప్పేటప్పుడు. అప్పటికి కాంక్రీటు చూడటానికి రాయిలాగే ఉంటుంది గానీ లోపల ఇంకా పచ్చి. బొటనవేలితో నొక్కితే గుర్తు పడదు, మేకుతో గీస్తే మాత్రం తెల్లటి చార లోతుగా దిగుతుంది. అచ్చు వాలు, నూనె, నీళ్ల కొలత, కొక్కెం పెట్టే చోటు అన్నీ ముందురోజే ఆ పూటను దృష్టిలో పెట్టుకుని చూసుకోవాలి.

ఒక ప్యానెల్ తీసుకుని లెక్క వేద్దాం. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, మందం 75 మిల్లీమీటర్లు. అంటే 0.15 ఘనపు మీటరు. ఘనపు మీటరుకు 2400 కిలోల చొప్పున 360 కిలోలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. అచ్చు పట్టు సంగతి మర్చిపోతారు. నున్నటి ఇనుప అచ్చుకు నూనె సరిగ్గా రాసినా అది చదరపు మీటరుకు 100 కిలోల దాకా పట్టి లాగుతుంది, గరుకు చెక్కయితే 300 దాకా పోతుంది. ఇనుప అచ్చే అనుకున్నా, ఊడి వచ్చే ఆ ఒక్క క్షణం మన ప్యానెల్ బరువు 560 కిలోలు. చైన్ పుల్లీని గట్టిగా ఒక్క గుంజు గుంజితే ఆ కుదుపు దీనిమీద అదనం.

ఆ బరువు ప్యానెల్‌లోకి ఎక్కడినుంచి దిగుతుందన్నది ఇంకా ముఖ్యం. రెండు చివర్లా కట్టి లేపితే మధ్యలో ఒంపు వచ్చి, అడుగుముఖంలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 1.5 న్యూటన్ల లాగుడు పుడుతుంది. క్యూబు బలం, అంటే కాంక్రీటు దిమ్మెను ప్రెస్‌లో నొక్కితే చదరపు మిల్లీమీటరుకు ఓర్చుకునే ఒత్తిడి, 10 న్యూటన్లకు చేరిన కాంక్రీటు దాదాపు 2.2 న్యూటన్ల లాగుడు దాకా పగలకుండా ఓర్చుకుంటుంది. 5 న్యూటన్ల దగ్గరే లేపితే ఓర్చుకునేది 1.6 మాత్రమే, కాబట్టి కుదుపు లేకపోయినా వెంట్రుకవాసి బీట పడే ప్రమాదం ఉంది. అదే కొక్కేలను చివరనుంచి పొడవులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ లోపలికి, అంటే ఈ ప్యానెల్‌లో 41 సెంటీమీటర్ల దగ్గర పెడితే ఒంపు దాదాపు ఆరో వంతుకు తగ్గిపోతుంది. కొక్కెం 41 సెంటీమీటర్లు లోపలికి జరిపినందుకు పైసా ఖర్చు లేదు. ఆ బీట ఆ రోజు కంటికి కనపడదు. మొదటి వానాకాలం తర్వాత తడి గీతలా బయటపడుతుంది, అప్పటికి ప్యానెల్ మూడో అంతస్తులో ఉంటుంది.

కొక్కేనికి మిగిలిపోయిన టీఎంటీ (స్లాబులకు వాడే గాట్ల కడ్డీ) ముక్కలు వాడకండి. బిగుతుగా వంచిన చోట టీఎంటీ పెళుసెక్కి, చెప్పకుండా తెగుతుంది. 10 ఎంఎం నున్న మైల్డ్ స్టీల్ కడ్డీ వంచి, రెండు కాళ్లూ మెష్ కిందకి పోనిచ్చి, చివర్లు మళ్లీ వంచి తీగతో కట్టాలి. పోసేశాక మాలులోకి (కలిపిన కాంక్రీటులోకి) గుచ్చిన కొక్కెం పట్టుకోదు. గొలుసు కోణం కూడా చూడాలి. రెండు కాళ్ల గొలుసు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలిమీద పడేది బరువులో 58 శాతం. 45 డిగ్రీలకు 71 శాతం. గొలుసు పొట్టిదై 30 డిగ్రీలకు పడుకుంటే ఒక్కో కాలే మొత్తం బరువంతా మోస్తుంది, పైగా కొక్కేలను పక్కకు లాగుతుంది. పొడవు గొలుసు కొనడం ఖర్చు అనిపిస్తే ఈ లెక్క ఒకసారి కాగితంమీద వేసి చూడండి.

మరి 10 న్యూటన్లు వచ్చాయని తెలిసేదెలా? ప్యానెల్ పోసిన మాలుతోనే మూడు 150 ఎంఎం క్యూబులు పోసి, ప్యానెల్ పక్కనే, అదే గోనె కింద ఉంచాలి. నీళ్లతొట్టిలో విడిగా పెట్టిన క్యూబు ప్యానెల్ సంగతి చెప్పదు. 10 న్యూటన్లంటే ప్రెస్‌లో 225 కిలోన్యూటన్ల దగ్గర క్యూబు పగలాలి. దగ్గర్లో సివిల్ ల్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో పరీక్ష చేయించుకోవచ్చు. ఒక మాలుకు, ఒక రుతువుకు ఒకసారి గంటలు తేల్చుకుంటే తర్వాత అదే కొలబద్ద. మే నెలలో 53 గ్రేడ్ సిమెంటుతో 24 గంటలకే వచ్చే బలం డిసెంబరు మంచులో పీపీసీతో 36 గంటలకు కూడా రాకపోవచ్చు. బూడిద కలిసిన పీపీసీ మొదట్లో నిదానం. చివరికి మంచి బలం, ఉప్పు గాలికి మంచి తట్టు ఇస్తుంది కాబట్టి తీరప్రాంతానికి నేను దాన్నే ఇష్టపడతాను. అచ్చు ఇంకో పూట ఆగాలి, అంతే.

అచ్చు విషయానికొస్తే, 10 సెంటీమీటర్ల లోతుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఉండాలి. నిట్టనిలువు అంచులున్న అచ్చును సుత్తితో కొట్టి విప్పాల్సి వస్తుంది, మూలలు రాలేది అందుకే. జాలీకి మధ్య దిమ్మెలు వాలుగా చేయించి, మాలు బిగుసుకోవడం మొదలవగానే ఒక్కోదాన్నీ కొద్దిగా తిప్పి వదిలేయాలి. మర్నాటిదాకా కదపకుండా ఉంచితే సన్నటి పుల్లలు వాటితోపాటే ఊడొస్తాయి. నూనె పల్చగా రాయాలి. వేలితో గీస్తే గుర్తు పడాలి, మూలల్లో నిలవకూడదు. బండ్ల షెడ్డులోంచి తెచ్చిన నల్ల ఆయిల్ వద్దేవద్దు. ముఖంమీద మచ్చ సంగతి అటుంచి, రోజూ చేతులతో తాకితే అందులోని మసి పదార్థాలు చర్మ క్యాన్సర్ తెచ్చే రకం.

విప్పేటప్పుడు ముందు బోల్టులు వదులు చేసి, పక్క పలకలు తీసి, అప్పుడు ఒక అంచున చెక్క మేకు కొట్టి గాలి లోపలికి పోనివ్వాలి. చిన్న ‘టప్’ శబ్దం వస్తుంది. అది విన్నాకే పుల్లీ. పట్టు విడవకుండా గొలుసు బిగిస్తూ పోతే ఊడిన క్షణాన ప్యానెల్ ఎగిరి ఊగుతుంది. ఊగే దారిలో మనిషి ఉండకూడదు, కిందికి చెయ్యి పోకూడదు. గుంజేవాడికి ఒక్కరి మాటే వినపడాలి, నలుగురు నాలుగు కేకలు వేస్తే ప్రమాదం. పెద్ద ప్యానెళ్లు రోజూ పోసే యార్డు తిరగబడే బల్ల చేయించుకోవడం మేలు. ప్యానెల్ అచ్చుతోపాటే దాదాపు నిలువుగా లేస్తుంది కనుక ఒంపు బాధ చాలావరకు పోతుంది.

ఇక నీళ్లు. మన ప్రాంతానికి ఇదే అసలు పరీక్ష. గోదావరి ఇసుకకు పేరుంది, కాలువ నీళ్లు తియ్యన. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే చిక్కంతా, యార్డులు బోరుకు మారతాయి. రాజోలు, అంతర్వేది, నరసాపురం వైపు చాలాచోట్ల బోరు ఉప్పు. కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. రొయ్యల రైతులకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, సెలినిటీ 1 పీపీటీ (లీటరుకు సుమారు గ్రాము ఉప్పు) ఉన్న సముద్రపు ఉప్పు నీళ్లలోనే క్లోరైడు సుమారు 550. అంటే వనామి చెరువుకు చప్పగా అనిపించే నీళ్లు జాలీకి అప్పటికే ఎక్కువ ఉప్పన. చెరువు దగ్గర వాడే మీటరు ఇంత తక్కువలో తేడా పట్టదు, ల్యాబ్ రిపోర్టే నమ్మాలి. ఉప్పు కడ్డీని తినడం మొదలుపెడితే తుప్పు అసలు ఇనుముకన్నా రెండు మూడింతలు, ఒక్కోసారి ఆరింతల దాకా ఉబ్బుతుంది. 50 ఎంఎం జాలీలో నట్టనడుమ 6 ఎంఎం కడ్డీ పెట్టినా చుట్టూ ఉండేది 22 ఎంఎం కవరే (కడ్డీని కప్పే కాంక్రీటు మందం). తీరప్రాంతంలో బయట ఉండే కాంక్రీటుకు కోడ్ అడిగేది 45. పల్చటి జాలీలో అంత కవరు సాధ్యం కాదు కాబట్టి సముద్రం దగ్గర ఇళ్లకు స్టెయిన్‌లెస్ కడ్డీ గానీ, క్షారానికి తట్టుకునే గాజుపోగు గానీ వాడాలి. కడ్డీని మధ్యలో నిలిపే కవర్ బిళ్లలు వేయకుండా ‘తర్వాత పైకి లాగుదాం’ అనుకుంటే అది అడుగునే ఉండిపోతుంది.

మాలు: 50 కిలోల బస్తాకు 75 కిలోల ఇసుక, 125 కిలోల 6–10 ఎంఎం చిప్స్, అన్నీ కలిపి 21.5 లీటర్ల నీళ్లు. ఇసుక 5 శాతం తడిగా ఉంటే అందులోనే సుమారు మూడున్నర లీటర్లుంటాయి. అవి తీసేసి 18 లీటర్లే పొయ్యాలి. వానాకాలంలో ఒకే కొలతతో ఒకరోజు గట్టిగా, ఒకరోజు జారుగా వచ్చేది ఇందుకే. తడి ఇసుక ఉబ్బుతుంది గనుక తట్టలతో కాకుండా కాటాతో కొలవాలి. పని సాగడంలేదని మగ్గుతో నీళ్లు పోయకండి, అవసరమైతే నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే ప్లాస్టిసైజర్ వాడండి. మాలు రెండు పొరలుగా వేసి, వైబ్రేటర్ బల్లమీద బుడగలు రావడం తగ్గి పైన సన్నటి మెరుపు రాగానే ఆపాలి. ఇంకా ఆడిస్తే చిప్స్ అడుక్కి, సిమెంటు పాలు పైకి విడిపోతాయి.

రంగు ముఖం కావాలంటే వైట్ సిమెంటు, తెల్ల ఇసుక లేదా మార్బుల్ చిప్స్ కలిపి 12–15 ఎంఎం ముందు పొర వేసి, అది పచ్చిగా ఉండగానే వెనక మాలు పొయ్యాలి. గంట గడిచాక పోస్తే రెండూ పొరలుగా విడిపోతాయి. ఐరన్ ఆక్సైడ్ రంగు సిమెంటు బరువులో 2–5 శాతం సరిపోతుంది, 10 దాటితే బలం పోతుంది. అన్ని ప్యానెళ్లకూ కావాల్సిన పొడిని ఒకేసారి తూచి, పొట్లాలు కట్టుకోండి. చిప్స్ కనిపించాలంటే పైపొర సిమెంటు త్వరగా గట్టిపడకుండా ఆపే రిటార్డర్ రాసి మర్నాడు నీళ్లతో కడిగెయ్యడం నాకు నచ్చిన పద్ధతి. యాసిడ్ కడుగుడు ఉప్పును జాలీలోకి పంపుతుంది. తప్పనిసరైతే ముందు ప్యానెల్‌ను బాగా తడపాలి, నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు.

తడపడం మామూలు సిమెంటుకు 7 రోజులు, పీపీసీకి 10. పంచదార, బెల్లం వచ్చిన గోనెలు కడక్కుండా కప్పితే పైపొర గట్టిపడదు. సున్నం గచ్చులో బెల్లం నీళ్లు కలిపిన రోజులు వేరు, సిమెంటుకు తీపి పడదు. పచ్చి కొబ్బరిపీచు కప్పితే తెల్ల ముఖంమీద గోధుమరంగు దిగుతుంది.

మనుషుల ఒంటి సంగతి. తడి మాలు క్షారం, బూటులో పడి సాయంత్రందాకా ఉంటే నొప్పి తెలియకుండానే చర్మం కాలుతుంది. మోకాళ్లమీద కూర్చుని సాపు చేసేవాళ్లకు ఇది ఎక్కువ. నైట్రైల్ గ్లవుజులు, గమ్‌బూట్లు, పక్కనే మంచినీళ్ల బకెట్ ఉండాలి. కంట్లో పడితే 15–20 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కటింగ్, గ్రైండింగ్ నీళ్లు పెట్టే చేయాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సిలికా దుమ్ము ఆగదు, ఎన్95 కావాలి. పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మే మళ్లీ లేస్తుంది. తడి నేలమీద వైబ్రేటర్ నడిచే చోట 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా స్విచ్ వేయకూడదు. మిక్సర్ కడిగేముందు ఫ్యూజు పీకి, ఆ పీకినవాడి జేబులోనే పెట్టుకోవాలి. పైకెత్తిన హాపర్ కిందకి పిన్ను వేయకుండా వెళ్లకూడదు.

విప్పిన ప్యానెళ్లను మన నల్లరేగడిమీద నేరుగా నిలబెడితే మొదటి వానకే ఒక పక్క కుంగి వరస మొత్తం పడుతుంది. 15–20 సెంటీమీటర్ల గ్రావెల్ దట్టించి, పైన పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) వెయ్యాలి. ప్యానెళ్లను ఆనించి నిలబెట్టే ఏ-ఫ్రేముకు రెండు పక్కలా ఒకటి ఇటు, ఒకటి అటు నింపాలి, తీసేటప్పుడూ అలాగే. ఒక పక్కే ఖాళీ చేస్తే ఫ్రేమే తిరగబడుతుంది. కాంపౌండ్ స్తంభాలను పడుకోబెట్టి పేర్చేటప్పుడు దుంగలు చివరనుంచి అయిదో వంతు దగ్గర, పై వరస దుంగ కింది వరస దుంగకు సరిగ్గా పైన ఉండాలి. 2.7 మీటర్ల స్తంభానికి అది 54 సెంటీమీటర్లు. లారీ ఎక్కించేటప్పుడు అవే గుర్తులు పనికొస్తాయి కాబట్టి, విప్పిన రోజే ఆ రెండు చోట్లా సుద్దముక్కతో గీత గీసి, పోసిన తేదీ, బరువు పక్కనే రాసెయ్యండి.