పాటు దిగినాక గోస్తనీ మొగ

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో కాస్త నిలిచి, సుమారు 120 కిలోమీటర్లు సాగిన గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి ఎన్నిసార్లు వెళ్ళినా, డచ్చివారి సమాధులూ దీపస్తంభమూ చూసి తిరిగి రావడమే తప్ప పక్షుల కోసం నది మొగ దగ్గర ఆగింది గత జనవరిలోనే.

ఆ రోజు మేనల్లుడూ నేనూ తెల్లవారకముందే బయలుదేరాం. వెలుతురు సంగతి ఆలోచించాం గానీ పోటు సంగతి ఆలోచించలేదు. మేం చేరేసరికి మొగ నిండుగా ఉంది. రెండు నీటికాకులు తప్ప ఒక్క పిట్ట లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా బైనాక్యులర్లు చూసి, "పాటు దిగినాక రండి బాబూ, బురద తేలితేగానీ పిట్టలు దిగవు" అన్నారు. ఏ పుస్తకం చదివినా నాకు అంత సూటిగా బోధపడని విషయం అది.

పది గంటలకు నీరు వెనక్కి తగ్గి, బురద మెరుస్తూ బయటపడగానే, ఎక్కడ దాగాయో తెలియనట్టుగా పక్షులు వచ్చి వాలాయి. ఇసుకరంగు ప్లోవర్లు నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగి, మళ్ళీ పరుగెత్తుతున్నాయి. కిందికి వంగిన పొడవాటి ముక్కుతో ఒక వింబ్రెల్ మాకు ముప్పై అడుగుల దూరంలో నిలిచింది. ఎండ్రకాయ బొరియలోకి ముక్కును దాదాపు కళ్ళదాకా దించి, ఎండ్రకాయను బయటికి లాగి, కాళ్ళు ఊడిపోయేదాకా విదిలించి, మిగిలిన డొప్పను ఒక్క గుక్కలో మింగేసింది. ఆర్కిటిక్ దాపుల నుంచి ఇక్కడి ఎండ్రకాయల కోసం వచ్చిన పక్షిని అంత దగ్గరగా చూస్తుంటే ఊపిరి గట్టిగా తీయడానికి కూడా మనసు రాలేదు.

ఇసుకతిప్ప మీద సీగల్స్ వందకు పైగా ఉన్నాయి. "మావయ్యా, గోధుమరంగు తల పక్షి అంటారు, వీటి తల తెల్లగా ఉందేమిటి?" అని మేనల్లుడు అడిగాడు. చలికాలంలో ఆ రంగు పోయి, చెవి దగ్గర ఒక నల్లటి మచ్చ మాత్రమే మిగులుతుంది. ఎగిరినప్పుడు రెక్క నల్లటి కొసలో తెల్లని చుక్క కనిపిస్తే అది గోధుమరంగు తలదే.

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. వలస పక్షులు స్థిరపడి ఉండే నెల కాబట్టి లెక్కకు అదే తగిన కాలం. కానీ నదిని తెలుసుకోవడానికి అదొక్కటీ చాలదని నాకు మార్చిలో తెలిసింది. అప్పటికి సీగల్స్‌లో కొన్నింటి తలలు పూర్తిగా గోధుమరంగుకు తిరిగాయి, కొన్నింటికి సగమే రంగు పట్టింది. ఎత్తయిన పీఠభూముల సరస్సులకు ప్రయాణం దగ్గరపడిందన్నమాట. ఆ గుంపులోకి కొందరు కుర్రాళ్ళు ఫోటో కోసం పరుగెత్తి, పక్షులను మూడుసార్లు లేపారు. అంత దూరం ఎగరడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులవి, మేత మేయాల్సిన గంట అలా పోతే వాటికి ఎంత నష్టమో చెప్పాలని దగ్గరికి వెళ్ళాను. ఇద్దరు విన్నారు.

ఏప్రిల్ ఎండలో మొగ దాదాపు ఖాళీగా ఉంది. పొడి ఇసుకలో నాలుగు గుడ్లు పెట్టిన తీతువు పిట్ట ఒకటి నీటికి వెళ్ళి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. మేం చాలా దూరంగానే నిలబడి చూసి, త్వరగా వచ్చేశాం.

నాకు మాత్రం అన్నిటికంటే జూలై నచ్చింది. తగరపువలస వైపు, ఎర్రనీళ్ళు పారుతున్న ఒడ్డున, మట్టిరంగులో ఎవరి కంటా పడని గుడ్డికొంగ వీపంతా ముదురు ఎరుపుతో నిలబడి ఉంది. తాటాకుల కొసలకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. మగపిట్ట గూటిని సగం దాకా అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. మెచ్చక వదిలేసిన సగం గూళ్ళు ఆ ఒక్క చెట్టుకే ఆరు లెక్కపెట్టాం.

అక్టోబరులో వెళ్ళినప్పుడు పాటు వేళ ముందే తెలుసుకుని, చీకటి ఉండగానే మొగ దగ్గర కూర్చున్నాం. ఏమీ కనిపించని ఆ వేళ నీటి మీదుగా ఒకే ఈల వెంటవెంటనే వినబడింది. మేనల్లుడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి, "ఏడు, మావయ్యా" అని మెల్లగా అన్నాడు. వరుసగా ఏడు ఈలలు, అది వింబ్రెల్ పిలుపు. ఇంకా తెల్లవారలేదు, బురద ఇంకా తేలలేదు. మేం అక్కడే కూర్చుని ఎదురుచూశాం.