అలవాటైపోయి ఉంటుందిలెండి

"అలవాటైపోయి ఉంటుందిలెండి." పొద్దున లిఫ్టులో మూడో అంతస్తావిడ పారేసిన ముక్క. గిన్నెలు తోమేశాను, అత్తయ్య మందులయ్యాయి, ఇంకా చెవిలోనే గింగురుమంటోంది. నిన్న రాత్రి ఏదో ఛానెల్లో నటాషా కాంపుష్ కథ వేశారట, చిన్నప్పుడు ఒకడు ఎత్తుకెళ్ళి ఎనిమిదేళ్ళు బంధించిన ఆస్ట్రియా అమ్మాయిది. "ఎనిమిదేళ్ళండీ! మధ్యలో వాడితో స్కీయింగుకి కూడా వెళ్ళిందట. పారిపోవాలనుంటే దారే దొరకలేదూ?" అని, పైన ఆ ముక్క. నేను నోరు తెరిచేలోపు మూడో అంతస్తు వచ్చేసింది.

ఆ అమ్మాయి ఇంటర్వ్యూ నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పదేళ్ళ పిల్ల. 1998 మార్చి 2న వియన్నాలో బడికి నడిచి వెళ్తుంటే ఒకడు వ్యానులోకి లాగేశాడు. స్ట్రాస్‌హోఫ్ అనే ఊళ్ళో వాడి గ్యారేజీ కింద, కిటికీ లేని గది. ఐదు చదరపు మీటర్లు, అంటే మన బెంగళూరు బిల్డర్లు వంటింటి వెనక యుటిలిటీకి విదిలించేంత జాగా. 2006 ఆగస్టు 23న వాడి కారు వాక్యూమ్ చేస్తోంది. వాడికి ఫోనొచ్చింది, మోతకి వినబడక పక్కకెళ్ళాడు. మిషను ఆడుతుండగానే అక్కడ పడేసి పరుగు తీసింది. ఆ సాయంత్రమే వాడు రైలు కింద పడి చచ్చాడు. కోర్టూ లేదు, తీర్పూ లేదు.

రెండు వారాలకి టీవీలో కూర్చుంది. తలకి గుడ్డ, వెలుగు పడక మాటిమాటికీ మూతపడే కళ్ళు. మాటలు మాత్రం ఆచితూచి, పెద్దమనిషి తరహాలో. చిక్కంతా అక్కడే వచ్చింది. జనం వెక్కివెక్కి ఏడ్చే పిల్లని చూద్దామని కూర్చున్నారు, ఈ పిల్లేమో నిబ్బరంగా జవాబులిస్తోంది. పైగా వాడు పోయాడని తెలిసి ఏడ్చిందని పేపర్లలో వచ్చింది. ఇంకేం, జాలి కాస్తా అనుమానమైంది, తిట్లతో ఉత్తరాలు మొదలయ్యాయి. స్టాక్‌హోమ్ సిండ్రోమ్, అంటే బంధించినవాడి మీదే అభిమానం పుట్టడం, అని ముద్ర కొట్టేశారు. ఆ పేరు పుట్టింది 1973లో స్టాక్‌హోమ్‌లో ఒక బ్యాంకులో ఆరు రోజులు జనాన్ని బందీలుగా పట్టుకున్నప్పుడు. ఎనిమిదేళ్ళకీ అదే కొలబద్దా? కాంపుష్ ఆ ముద్రని ఒప్పుకోనేలేదు. తిండి పెట్టేదీ వాడే, తన్నేదీ వాడే అయినప్పుడు వాడి మొహం చూసి మసలుకోకపోతే పిల్ల బతికేదెలా? స్కీయింగూ అంతే. నోరు విప్పితే నిన్నూ చంపుతా, నువ్వు పలకరించిన వాళ్ళనీ చంపుతా అన్నాడు. నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

శిక్షల లెక్కవాళ్ళు ఇంకో రకం. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో ముగ్గురమ్మాయిల్ని దాదాపు పదేళ్ళు ఇంట్లో బంధించిన ఏరియల్ కాస్ట్రోకి 2013 ఆగస్టు 1న యావజ్జీవం, దాని మీద ఇంకో వెయ్యేళ్ళు వేశారు. ఉరెయ్యకుండా ఈ బేరమేమిటని ఇప్పటికీ అడుగుతారు. వాడు 937 అభియోగాలు ఒప్పేసుకున్నాడు కాబట్టి ఆ ముగ్గురికీ సాక్షిబోనెక్కే బాధ తప్పింది, వాడి లాయరు గుచ్చిగుచ్చి అడిగే ప్రశ్నలు తప్పాయి. ఆ బేరంలో వాళ్ళకి దక్కింది అదే. నెల తిరిగేసరికి వాడు జైల్లో ఉరేసుకున్నాడు, వెయ్యేళ్ళూ అక్కడితో సరి.

కాబట్టి జనం నోళ్ళు మూసుకుంటే చాలు అని తేల్చేసి పడుకుందామనుకున్నాను. అత్తయ్యకి మంచినీళ్ళిచ్చి వచ్చి రాసింది మళ్ళీ చదివితే అది సరికాదనిపిస్తోంది. జేసీ డుగార్డ్ సంగతి చూడండి. కాలిఫోర్నియాలో 1991లో పదకొండేళ్ళప్పుడు ఎత్తుకెళ్ళిన పిల్ల 2009లో బయటపడింది. ఎత్తుకెళ్ళినవాడు అప్పటికే పాత నేరానికి పెరోల్ మీద, అంటే అధికారుల నిఘాలో జైలు బయట, ఉన్నాడు. అధికారులు ఆ ఇంటికి వస్తూపోతూనే ఉన్నారు, ఆ పిల్లని దాచిన పెరటి చివరిదాకా వెళ్ళి చూసినవాడు లేడు. జనం గగ్గోలు పెట్టారు, ఆ పెరోల్ ఫైళ్ళన్నీ బయటికి తీశారు, 2010లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ కుటుంబానికి 2 కోట్ల డాలర్లు కట్టింది. అందరూ మర్యాదగా ఊరుకుని ఉంటే ఆ ఫైళ్ళు ఎవరు తీసేవాళ్ళు?

మన దగ్గర ఆ గగ్గోలేదో పెట్టాల్సిన చోట పెట్టరు. పన్నెండేళ్ళకి మాయమై ఇరవైకి దొరికిన పిల్ల అనుకోండి. మొదట కాలికి తగిలేది ఆధార్. ఐదేళ్ళప్పుడు, పదిహేనేళ్ళప్పుడు వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. పదిహేనో ఏట ఆ పిల్ల ఎవడి ఇంట్లోనో ఉంది. ఇప్పుడు ముద్ర కలవదు, బ్యాంకువాళ్ళు ఖాతా దగ్గర తిప్పుతారు, ఖాతా లేనిదే పరిహారం జమకాదు. వయసు రుజువుకి ముందు బడి సర్టిఫికెట్టు, అది లేకపోతే జనన ధృవపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ళు తేడా వస్తుంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం వర్తించదని అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ రెండేళ్ళనే. అందుకని ముందు పాత బడికి పోయి అడ్మిషన్ రిజిస్టర్ కాపీ తెచ్చుకోవాలి.

పరిహారానికి తీర్పుదాకా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ కాపీ, మెడికల్ రిపోర్టు పెట్టి జిల్లా న్యాయసేవా సంస్థకి దరఖాస్తు ఇవ్వొచ్చు, మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. ఇది తెలియక "కేసు తేలనీ" అని కూర్చున్న ఇళ్ళే ఎక్కువ. నల్సా (జాతీయ న్యాయసేవా సంస్థ) వాళ్ళ 2018 పథకంలో వచ్చిన దాంట్లో 75 శాతం కనీసం మూడేళ్ళు ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంటుంది, వెంటనే వాడుకోగలిగేది 25 శాతమే. ఆ పాతికతోనే అద్దె, బస్సు, ఫీజు అన్నీ.

ఇక చుట్టాలు. వచ్చినవాళ్ళందరికీ కథ మొదట్నుంచీ చెప్పాలి. "ఏడిస్తే తేలికపడతావమ్మా" అని పక్కన చేరి మరీ కక్కిస్తారు. పని తెలిసిన కౌన్సిలరెవరూ మొదటి రోజే గతం తవ్వరు. నిద్ర కుదరాలి, ఆకలి తెలియాలి, గది తలుపు గడియ లోపలి వైపు ఉండాలి, అదీ తను వేసుకుని తను తీసుకునేది. మనవాళ్ళు చేసే మొదటి పని ఆ గడియ పీకించడం, "ఏమైనా చేసుకుంటుందేమో" అని. భయం ఉంటే డాక్టరుతో చెప్పి, బయటినుంచి కూడా తెరుచుకునే రకం తాళం పెట్టించొచ్చు. ఎవర్ని అడగాలో తెలియకపోతే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పగలైనా రాత్రైనా పలుకుతారు.

 

క్లీవ్‌లాండ్ ఇంటిని తీర్పు వచ్చిన వారంలోపే కూల్చేశారు. స్ట్రాస్‌హోఫ్ ఇల్లు మాత్రం పరిహారం కింద కాంపుష్‌కే వచ్చింది. ఎవరూ వచ్చి తమాషా చూసే చోటు కాకూడదని తనే అట్టిపెట్టుకుంది. 2011లో ఆ నేలమాళిగని పూడ్పించింది. ఉండని ఇంటికి కరెంటు, నీళ్ళు, పన్ను కడుతూ వచ్చింది. దానికీ జనం మూతులు తిప్పారు. కూల్చి పారేయొచ్చు కదా అని నేనూ అనేదాన్ని. కూలిస్తే అది ఖాళీ స్థలం. అమ్మితే ఎవడో కొంటాడు, గేటు దగ్గర టిక్కెట్టు పెట్టినా అడిగేవాడుండడు.