నిన్నటి తేదీ

మంగళవారం, రాత్రి

కూర్మన్నపాలెం దగ్గర కంపెనీ బస్సు ఇరుక్కుపోయింది. పరవాడ చేరేసరికి పావుగంట ఆలస్యం. కోటు వేసుకుని ల్యాబ్‌లో అడుగు పెట్టానో లేదో, ట్రైనీ కుర్రాడు త్రాసు లాగ్‌బుక్ పట్టుకుని ఎదురొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, రాత్రి వెయిట్లు పెట్టి చెక్ చెయ్యడం మర్చిపోనాను. నిన్నటి డేటేసి రాసేమన్నారు సారు. రాసేద్దునా?"

మాది మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్. త్రాసు మీద ఏదైనా తూచే ముందు స్టాండర్డ్ వెయిట్లు పెట్టి రీడింగు సరిగ్గా ఉందో లేదో చూడాలి. ప్రింటర్ నుంచి తేదీ, టైముతో చీటీ వస్తుంది. దాన్ని పుస్తకంలో అంటించి సంతకం పెట్టాలి. రాత్రి వాడు ఆ పని చెయ్యకుండానే శాంపిళ్లు తూచేశాడు. ఇప్పుడు నిన్నటి తేదీతో రాస్తే చీటీ ఎక్కణ్ణుంచి తెస్తాడు? "ప్రింటర్ పని చెయ్యలేదని రాయి" అని దానికీ సెక్షన్ హెడ్ దారి చూపించారట. అంటే మొదటి అబద్ధం నిలబడాలంటే ప్రింటర్ మీద ఇంకోటి. ఆ పేజీ కింద 'పరిశీలించినవారు' అన్న గడిలో నా సంతకం.

రాయొద్దన్నాను. ఏం జరిగిందో అలాగే, ఈరోజు తేదీతోనే డీవియేషన్, అంటే పద్ధతి తప్పిందని ఒప్పుకునే రిపోర్టు, వేద్దామన్నాను.

సారు వచ్చారు. "ఏటమ్మా ఇది? పొద్దున్న చెక్ చేశాం, రీడింగు కరెక్టుగానే ఉంది కదా. రెండు నిమిషాల పనికి అంత కాగితమా?"

ఆయన చెడ్డమనిషి కాదు. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే నా షిఫ్టు మార్చారు. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. కానీ ఆయన చెప్పిందే మనకు మేలు చేసే నిజం. రాత్రి చెక్ చెయ్యలేదు, పొద్దున్న చేస్తే లిమిట్లోనే ఉంది, కాబట్టి రాత్రి తూచినవాటి మీద అనుమానం పెద్దగా లేదు. ఇంత శుభ్రంగా చెప్పుకోగలిగినదాన్ని దాచిపెట్టడం దేనికి? నాకు తెలిసి కారణం ఒకటే. నెలాఖరు మీటింగులో సెక్షన్ల వారీగా డీవియేషన్ల లెక్క తెర మీద వేస్తారు. ఎక్కువున్నవాళ్లు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. తప్పు చెప్పినవాణ్ణి నిలబెట్టి, దాచినవాణ్ణి మెచ్చుకునే పద్ధతి పెట్టుకున్నాక మనుషుల్ని అనడం అన్యాయం.

సరే, డీవియేషన్‌కి ఆయన ఒప్పుకున్నారు. అసలు గొడవ మధ్యాహ్నం, 'మూలకారణం' రాయాల్సిన చోట మొదలైంది. అందరూ రాసేదే రాయమన్నారు: హ్యూమన్ ఎర్రర్, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం. ఈ రెండు ముక్కలూ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోస్టర్ తీసి చూశాను. రాత్రి ఇద్దరుండాలి. ఒకర్ని పక్క సెక్షన్‌కి పంపేశారు. ట్రైనీ ఒక్కడే హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే మిషను) చూసుకుంటూ, ప్లాంటు నుంచి ఫోన్లు ఎత్తుతూ, శాంపిళ్లు తూచాడు. వాడికి ఏం ట్రైనింగ్ ఇస్తాం, రెండో జత చేతులు మొలిపించుకోమనా? నేను రోస్టర్ సంగతే రాశాను. సారు చదివి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

కొత్తవాళ్లకి క్లాసు చెప్పేటప్పుడు రాన్‌బాక్సీ కథ తప్పకుండా చెప్తాం. మందుల పరీక్షల రికార్డుల్లో దొంగలెక్కలను బయటపెట్టిన దినేశ్ ఠాకూర్ ఆ కంపెనీ వదిలింది 2005లో. దాని అమెరికా విభాగం కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది 2013లో. మధ్యలో ఎనిమిదేళ్లు. నిజం చెప్పినవాడు ఎన్నాళ్లు ఓపిక పట్టాలో మాత్రం క్లాసులో చెప్పం.

అంతకన్నా నాకు దగ్గరిది వెంకటాపురం. గోపాలపట్నంలో ఉండేవాళ్లకి 2020 మే 7 తెల్లవారుజాము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదకొచ్చి 12 మంది పోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చినవాటిలో ఒకటి నా మనసులోంచి పోదు: ట్యాంకులో వేడి కొలిచింది అడుగుభాగంలోనే. పైపొరలు వేడెక్కుతున్నా కింద చూసిన అంకె ఆ సంగతి చెప్పదు. మా త్రాసుకీ ఆ ట్యాంకుకీ పోలిక లేదు, తెలుసు. కానీ మనం రాసే ప్రతి అంకెనీ నమ్ముకుని గేటు బయట ఎవరో నిద్రపోతుంటారు, లేదా ఆ మాత్ర మింగుతుంటారు.

సాయంత్రం కింద వాటా అమ్మాయి పైకొచ్చింది. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల అనుభవాన్ని ఐదేళ్లు చేసి క్లయింట్‌కి తన ప్రొఫైల్ పంపారట, రేపు ఇంటర్వ్యూ. "నేను అబద్ధం ఆడలేదక్కా, నా పేరు మీద వాళ్లే ఆడేశారు" అంది. రేపు దొరికిపోతే పోయేది మాత్రం దాని పేరే. ఐదేళ్లని చెప్పమన్న మాట మేనేజరుని మెయిల్లో పెట్టమని అడుగమ్మా అన్నాను. ఇలాంటివన్నీ నోటిమాటగానే వస్తాయి, నేను చూసినంతలో ఎవరూ కాగితం మీద పెట్టరు. అడగడానికి భయంగా ఉందంది. ఆ భయం అర్థం లేనిది కాదు. ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు ఆ జీతం మీదే. ధైర్యం చెప్పి పంపేయడం నాకు మనస్కరించలేదు. ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో నాలుగు లైన్లు మర్యాదగా రాశాం. పంపడం, మానడం దాని ఇష్టం.

అన్నం తింటుంటే సారు ఫోన్ చేశారు. మూలకారణం మార్చమన్నారు. మార్చలేను సార్, మీకు వేరే కారణం కనిపిస్తే మీరే రాసి సంతకం పెట్టండి, నాది అలాగే ఉంచండి అన్నాను. కాసేపు ఊరుకుని, "రేపు పదిన్నరకి క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్లతో కూర్చుందాం" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆయన మీద కూడా పైనుంచి ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

రేపు రోస్టర్ ప్రింటు తీసుకెళ్లాలి, గత మూడు నెలలవీ. రేపు రాత్రి షిఫ్టులో కూడా ఆ కుర్రాడి పేరు ఒక్కటే ఉంది. డీవియేషన్ కన్నా ముందు దాని గురించి అడగాలి.