సిలిండర్ చుట్టూ ప్రవాహాన్ని పోలార్ నుంచి ఎక్స్, వైలోకి తెచ్చిన విధం

ఎం.టెక్‌లో సిలిండర్‌ను దాటిపోయే ఆదర్శ (జిగట లేని) ప్రవాహాన్ని పైథాన్‌లో గీయాల్సి వచ్చింది. పుస్తకాల్లో స్ట్రీమ్ ఫంక్షన్ (దీని విలువ మారని గీత వెంటే ప్రవాహం సాగుతుంది, ఆ గీతే స్ట్రీమ్‌లైన్) పోలార్‌లో, అంటే కేంద్రం నుంచి దూరం ఆర్, కోణం తీటాలలో ఉంటుంది: సై = యు (ఆర్ − ఎ²/ఆర్) సైన్ తీటా. యు అంటే దూరంగా ఉన్న ప్రవాహ వేగం, ఎ సిలిండర్ వ్యాసార్థం. నా గ్రిడ్ మాత్రం ఎక్స్, వైలలో ఉంది.

ముందు సై పని పట్టాను. అది ప్రతి బిందువు దగ్గరా ఒక సంఖ్య, అంతే. దానికి దిశ లేదు కాబట్టి గుర్తులు మారిస్తే సరిపోతుంది. ఆర్ సైన్ తీటా కనిపించిన చోట వై రాయాలి. సైన్ తీటా ఒంటరిగా ఉంటే పైనా కిందా ఆర్‌తో గుణించాలి. అలా వచ్చింది ఇది: సై = యు వై (1 − ఎ²/(ఎక్స్² + వై²)). తీటా పూర్తిగా పోయింది! వై సున్నా అయినా, ఎక్స్² + వై² విలువ ఎ² అయినా సై సున్నాయే. అంటే మధ్యరేఖా సిలిండర్ గోడా ఒకే స్ట్రీమ్‌లైన్. ఈ రూపంలో అది చూడగానే తెలుస్తుంది, నాకు చాలా నచ్చిన సంగతి.

వేగం దగ్గర గుర్తులు మారిస్తే చాలదు. రేడియల్ (కేంద్రం నుంచి బయటికి), టాంజెన్షియల్ (దానికి అడ్డంగా) దిశలు బిందువు మారినకొద్దీ తిరుగుతుంటాయి. అందుకే వేగాన్ని కూడా తిప్పాలి: ఎక్స్ దిశలో వేగం = రేడియల్ వేగం × కాస్ తీటా − టాంజెన్షియల్ వేగం × సైన్ తీటా. ఇలా ఒకసారి చేసి, కార్టీసియన్ (ఎక్స్, వైలలోని) సైని వైతో డిఫరెన్షియేట్ చేసి మళ్లీ చూశాను. రెండు దారుల్లోనూ ఒకటే వచ్చింది: యు [1 − ఎ²(ఎక్స్² − వై²)/(ఎక్స్² + వై²)²]. సిలిండర్ నెత్తిన, ఎక్స్ = 0, వై = ఎ దగ్గర, ఇది 2యు. ముందు కొసన సున్నా. ఎవరైనా అడిగితే రెండో దారే చెబుతాను, సైన్, కాస్‌ల గుర్తులతో కుస్తీ ఉండదు.

సోర్స్, అంటే ఒక బిందువు నుంచి అన్ని వైపులకీ చిమ్మే ప్రవాహం, మాత్రం ఇలా లొంగలేదు. దాని సై = ఎమ్ తీటా/2పై (ఎమ్ సోర్స్ బలం, పై అంటే π), తీటాను తప్పించుకునే వీల్లేదు. మామూలు ఆర్క్‌టాన్‌కి వై/ఎక్స్ ఇస్తే ఎదురెదురు పాదాల (క్వాడ్రంట్ల) తేడా తెలియదు. వై, ఎక్స్‌లను విడివిడిగా తీసుకునే ఆర్క్‌టాన్2 వాడితే ఆ చిక్కు పోతుంది గానీ, ఎడమవైపు ఎక్స్ అక్షం మీద తీటా విలువ π నుంచి −πకి దూకుతుంది, సై సమానంగా ఉన్న చోట్లను కలిపే కాంటూర్ గీతలన్నీ అక్కడ కుప్పపడతాయి. వేగాల్లో ఆ దూకుడు లేదు: ఎక్స్ దిశలో ఎమ్ ఎక్స్/2పై(ఎక్స్² + వై²), వై దిశలోనూ అలాగే. వాటినే, వేగాల నుంచి ప్రవాహ గీతలు గీసే పైథాన్ ఫంక్షన్ స్ట్రీమ్‌ప్లాట్‌కి ఇచ్చాను, గీతలు కుప్పపడకుండా అన్ని వైపులకీ తిన్నగా వచ్చాయి.