క్వార్టర్‌బ్యాక్‌ని తయారుచేసింది ఎవరు? ముందు రెప్స్ లెక్క చూడండి

డిసెంబర్ మొదటి వారం వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య రెండు తగాదాలు తప్పవు. కాలేజీ జట్లతో సంతకాలు పెట్టే హైస్కూల్ కుర్రాళ్ల జాబితా చూసి "ఫైవ్ స్టార్ క్వార్టర్‌బ్యాక్ దొరకలేదు, ఇంక మన పని అయిపోయింది" అనేది మొదటిది (క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని ఆట నడిపి, పాస్ విసిరేవాడు; ఫైవ్ స్టార్ అంటే హైస్కూల్ కుర్రాళ్లకిచ్చే అత్యున్నత రేటింగ్). ఇప్పటికే జట్టులో ఉన్నవాణ్ణి చూసి "ఫైవ్ స్టార్‌ని తెచ్చి పాడుచేశారు, మన కోచ్‌కి డెవలప్ చెయ్యడం చేతకాదు" అనేది రెండోది. చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తాయి.

ఈ గొడవలో ఎవరూ లెక్కపెట్టని సంగతి ఒకటుంది. ఆ కుర్రాడు ఒకే పద్ధతిలో, ఒకే కోఆర్డినేటర్ (ఎటాక్ ఆటలు రాసే కోచ్) కింద, మొదటి జట్టు లైన్‌తో (అతనికి ముందు నిలబడి కాపాడేవాళ్లు), మొదటి జట్టు రిసీవర్లతో ఎన్ని రెప్స్ తీసుకున్నాడు, అంటే ఎన్నిసార్లు ఆట నడిపాడు? అది తెలియకుండా కోచ్‌ని పొగిడినా తిట్టినా గాలిలో మాటే.

జో బరో సంగతే చూద్దాం. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరి మూడు సీజన్లు బెంచి మీదున్నాడు. 2018లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాడు. ఆ ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు, 57.8 శాతం కంప్లీషన్ (విసిరినవాటిలో రిసీవర్‌కి అందినవి). మరుసటి ఏడాది 60 టచ్‌డౌన్ పాస్‌లు, 76.3 శాతం, హైస్మన్ (ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే ట్రోఫీ), జాతీయ టైటిల్. ఒహాయో స్టేట్ వాళ్లు "నేర్పింది మేమే" అంటారు. ఎల్‌ఎస్‌యూ వాళ్లు ప్రొఫెషనల్ జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి 2019లో వచ్చిన కోచ్ జో బ్రాడీ పేరు చెబుతారు. బ్రాడీ తెచ్చిన పాసింగ్ పద్ధతి పాత్ర తక్కువేమీ కాదు. కానీ బరో ఎల్‌ఎస్‌యూకి వెళ్లింది 2018 మే నెలలో. అంటే ఆ ఏడాది స్ప్రింగ్ ప్రాక్టీస్ ఒక్కటి కూడా అతనికి దక్కలేదు, ఆగస్టు క్యాంపులోనే కొత్త రిసీవర్లతో పరిచయం చేసుకుని సీజన్‌లోకి దిగాడు. 2019కి వచ్చేసరికి ఒక పూర్తి సీజన్, ఒక పూర్తి స్ప్రింగ్, అవే చేతులు: జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్. ఆ తేడాని పక్కనపెట్టి ఘనతంతా ఒక్క మనిషికి రాసివ్వడం నాకు నచ్చదు.

స్టార్లు అబద్ధమని కాదు. ట్రెవర్ లారెన్స్, బ్రైస్ యంగ్, కేలెబ్ విలియమ్స్, కైలర్ మరే నలుగురూ ఫైవ్ స్టార్‌లే, నలుగురూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా పోయినవాళ్లే. స్టార్లు ఎత్తు, చేతి బలం, క్యాంపుల్లో బంతి విసిరే తీరు బాగానే కొలుస్తాయి. నాలుగో సెకనులో ఎదురుగా 130 కిలోల మనిషి వస్తుంటే కళ్లు ఎక్కడుంటాయో కొలవలేవు. అందుకే బేకర్ మేఫీల్డ్ స్కాలర్‌షిప్ లేకుండా టెక్సస్ టెక్‌లో, తర్వాత ఓక్లహోమాలో వాక్‌ఆన్‌గా అడుగుపెట్టి 2017 హైస్మన్ గెలిచాడు. జాష్ ఆలెన్‌కి హైస్కూల్ అయ్యాక ఒక్క ఎఫ్‌బీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో పై స్థాయి) ఆఫర్ రాలేదు, రీడ్లీ జూనియర్ కాలేజీ మీదుగా వయోమింగ్‌కి వెళ్లాడు. కామ్ వార్డ్ హైస్కూల్‌లో ఆడింది వింగ్‌-టీ, అంటే పరుగే ప్రధానమైన ఆట. విసరడానికి అవకాశం తక్కువ కాబట్టి అతణ్ణి చూసినవాళ్లూ తక్కువే. ఇన్‌కార్నేట్ వర్డ్, వాషింగ్టన్ స్టేట్, మయామీ దాటి 2025 డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు. 2025 హైస్మన్ గెలిచిన ఫెర్నాండో మెండోజా మొదట యేల్‌కి మాటిచ్చినవాడు, తర్వాత కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్లీ), ఆపైన ఇండియానా.

అసలు చిక్కు స్టార్ల దగ్గర కన్నా తేదీల దగ్గరే ఎక్కువ. చాలా రిక్రూటింగ్ క్లాసుల్లో (ఒక ఏడాది చేర్చుకునే కుర్రాళ్ల బృందం) అందరికంటే ముందు మాటిచ్చేవాళ్లలో క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు. అతను ఖాయమైతేనే రిసీవర్లు వస్తారని కోచ్‌లు తొందరపడతారు. దాంతో చాలామందిని పదహారేళ్ల వయసులో ఆడిన ఫిల్మ్ చూసి ఎంచేస్తున్నారు. చివరి ఏడాదిలో రెండంగుళాలు పెరిగి చెయ్యి బలపడిన కుర్రాడు కనబడేసరికి పెద్ద జట్లలో కుర్చీలన్నీ నిండిపోయి ఉంటాయి.

ఫిల్మ్ మీరే చూడదలిస్తే హైలైట్లు వద్దు, ఒక పూర్తి మ్యాచ్ పట్టుకోండి. అందులో మూడో డౌన్ (పది గజాలు దాటడానికిచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడు గజాలు అంతకుమించి కావలసినవి మాత్రమే చూడండి. చూడాల్సింది పాదాలు. డ్రాప్ (బంతి అందుకుని వెనక్కి వేసే అడుగులు) చివరి అడుగు పడ్డాక చిన్న హిచ్ స్టెప్ (ముందుకి సర్దుకునే అడుగు), ఆ వెంటనే బంతి వదలాలి. రిసీవర్ తిరగకముందే బంతి చెయ్యి దాటిందా, తిరిగాక చూసి విసిరాడా? రెండోది హైస్కూల్‌లో పనికొస్తుంది. కాలేజీలో ఆ పావు సెకనులో కార్నర్‌బ్యాక్ (రిసీవర్ని కాచే డిఫెండర్) బంతి ముందుకొచ్చేస్తాడు. తర్వాత మొదటి రీడ్ (ముందుగా చూడాల్సిన రిసీవర్) మూసుకుపోయిన ఆటలు చూడండి. చాలా హైస్కూళ్లలో ఆట అంతా స్క్రీన్‌లు (దగ్గర్లోనే ఇచ్చే పొట్టి పాస్‌లు), ఆర్‌పీఓలు (పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చుకునే ఆటలు), నేరుగా పరుగెత్తే రిసీవర్‌కి విసిరే పొడుగు గో బాల్‌లే. మొదటివాడు దొరక్కపోతే కుర్రాడు పరుగెత్తేస్తాడు, మైదానంలో అందరికన్నా వేగం తనదే కాబట్టి పాతిక గజాలు వస్తాయి, హైలైట్ తయారు. రెండో రీడ్‌కి కళ్లతో పాటు పాదాలూ తిరిగిన ఆటలు ఒక మ్యాచ్‌లో నాలుగైదు కనబడినా అతన్ని సీరియస్‌గా తీసుకోవచ్చు. ఒంటికాలి మీద, పక్కకు వంగి విసిరే త్రోలకి మురిసిపోయే ముందు, పాకెట్ (లైన్ అతని చుట్టూ కాపాడే చోటు) శుభ్రంగా ఉన్నప్పుడు అతని పాదాలు కుదురుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

చేతి బలం గురించి వాదించేవాళ్లు హాష్ మార్కులు (ప్రతి ఆట బంతి వీటి మీదో వీటి మధ్యో మొదలవుతుంది) మర్చిపోతారు. మైదానం వెడల్పు 160 అడుగులు. హైస్కూల్‌లో రెండు హాష్‌ల మధ్య దూరం 53 అడుగుల 4 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఎడమ హాష్ మీదుంటే కుడి సైడ్‌లైన్ 100 అడుగుల దూరం, ఎడమది 60 అడుగులే. షాట్‌గన్‌లో ఏడు గజాలు వెనక నిలబడి, సైడ్‌లైన్‌కి రెండు గజాల లోపల పది గజాల అవుట్ (రిసీవర్ సైడ్‌లైన్ వైపు తిరిగే రూట్) విసరాలనుకుందాం. దగ్గరి వైపు బంతి గాలిలో సుమారు 25 గజాలు ప్రయాణిస్తుంది, దూరపు వైపు సుమారు 36. స్కోరు పట్టికలో రెండూ పది గజాల పాస్‌లే. అదే లెక్కన హైస్కూల్‌లో దూరపు వైపు త్రో 37 గజాలు దాటుతుంది. కాబట్టి హైస్కూల్ కుర్రాడు దూరపు హాష్ నుంచి ఆ అవుట్‌ని సాపుగా, టైముకి అందించాడంటే అది నిజమైన చెయ్యి. నిలబడి 65 గజాలు పైకి విసిరే వీడియో కన్నా ఆ ఒక్క త్రో నాకు ఎక్కువ చెబుతుంది.

ఇక రెప్స్. సీజన్‌లో ఆటగాడి నుంచి తీసుకోగలిగింది వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు, అంతే. ఇది కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమం. మీటింగులు, వెయిట్‌రూమ్, ఫిల్మ్ అన్నీ అందులోవే. స్ప్రింగ్‌లో 15 ప్రాక్టీసులు, ఆగస్టు క్యాంపులో 25. మ్యాచ్ వారం మొదలయ్యాక మొదటి జట్టు రెప్స్‌లో సింహభాగం స్టార్టర్‌వే, మిగిలినవి రెండోవాడివి. మూడోవాడు స్కౌట్ టీమ్‌కి వెళ్తాడు. అక్కడ అతను చేసేది ఎదుటి జట్టు ఆటల్ని కార్డు మీద చూసి నడపడం. ఎవరికి విసరాలో కూడా కార్డు మీదే గుర్తు పెట్టి ఉంటుంది. తన సొంత ప్లేబుక్‌లో రీడ్లు, ప్రొటెక్షన్ కాల్స్ (లైన్‌లో ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో చెప్పడం) ఆ మూడు నెలలూ అతని చేతికి రావు. "రెడ్‌షర్ట్ ఇచ్చి ఏడాది కూర్చోబెట్టారు, నేర్చుకున్నాడు" అనే మాటని (రెడ్‌షర్ట్ అంటే ఆడే అర్హతలో ఏడాది ఖర్చవకుండా పక్కన ఉంచడం) నేను సగమే నమ్మడానికి కారణం ఇదే. కండ పెరుగుతుంది, ఫిల్మ్ చూడటం అలవాటవుతుంది. బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లు మీదికి దూకడం) వస్తున్నప్పుడు మైక్ లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ మధ్యలో ఉండేవాణ్ణి) గుర్తుపట్టి లైన్‌ని తిప్పడం మాత్రం కూర్చుంటే రాదు. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా రెడ్‌షర్ట్ పోదు. గెలిచేసిన మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో ఆ కుర్రాణ్ణి దింపి పరుగులతో గడియారం తిప్పించే కోచ్ ఆ నియమాన్ని వృథా చేస్తున్నట్టే. దింపితే విసరనివ్వాలి.

ఆర్చ్ మానింగ్ మీద నడిచిన రభస గుర్తుందా? 2023లో టెక్సస్‌కి వచ్చి, క్విన్ ఎవర్స్ వెనక రెండు సీజన్లు. 2025 మొదటి మ్యాచ్‌లో ఒహాయో స్టేట్ మైదానంలో 14-7తో ఓడగానే "రెండేళ్లలో ఏం నేర్పారు?" అని మొదలుపెట్టారు. అది అతని మూడో స్టార్ట్. సొంత మైదానం బయట మొదటిది. బో నిక్స్ కాలేజీలో చేసిన స్టార్టులు 61. మొదటి మూడేళ్లు ఆబర్న్‌లో అతణ్ణీ ఇలాగే తిట్టారు, ఒరెగాన్‌లో రెండేళ్ల తర్వాత 12వ పేరుగా డ్రాఫ్ట్ అయ్యాడు. ఎవరు డెవలప్ చేశారని అడిగితే నా సమాధానం ఆ 61.

కోఆర్డినేటర్ మారితే ఏం పోతుందో కూడా చెప్పుకోవాలి. ఆటల పేర్లు మారడం చిన్న సంగతి, వారంలో వచ్చేస్తాయి. షాట్‌గన్‌లో ఏ కాలు ముందుండాలనేది ఒక్కో కోచ్ ఒక్కోలా నేర్పుతాడు. అది మారితే మూడడుగుల డ్రాప్ లయంతా కదిలిపోయి బంతి ఆలస్యమవుతుంది. ప్రొటెక్షన్ ఎవరు పెడతారన్నది ఇంకా పెద్ద మార్పు. కొన్ని జట్లలో సెంటర్ పెడతాడు, కొన్నిట్లో క్వార్టర్‌బ్యాక్, కొన్నిట్లో సైడ్‌లైన్ వైపు చూసి తెచ్చుకోవడమే. 2024 నుంచి హెల్మెట్‌లో రేడియో వచ్చింది కానీ ప్లే క్లాక్ (ఆట మొదలుపెట్టడానికిచ్చే గడువు) 15 సెకన్లకి చేరగానే ఆగిపోతుంది. ఆ తర్వాత డిఫెన్స్ రూపు మార్చుకుంటే సర్దుకోవాల్సింది కుర్రాడే. అన్నీ సైడ్‌లైన్ నుంచి అందుకున్నవాడికి అంకెలు బ్రహ్మాండంగా ఉండి కొత్త జట్టుకి వెళ్లగానే సాక్‌లు (విసరకముందే పడగొట్టించుకోవడాలు) పెరుగుతాయి. అభిమానులు లైన్‌ని తిడతారు. నేను వాడే కొలత: ప్రెషర్ వచ్చిన ప్రతి ఐదింటిలో ఒకటికి మించి సాక్ అవుతుంటే ముందు బంతి పట్టుకున్నవాణ్ణి చూడాలి, తర్వాతే లైన్‌ని.

పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక రిక్రూటింగ్‌కీ డెవలప్‌మెంట్‌కీ మధ్య గీత చెరిగిపోయింది. 2018 అక్టోబర్‌లో పోర్టల్ మొదలైంది, 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదు, 2024లో ఆ ఒకసారి అనే హద్దూ పోయింది. 2024 డ్రాఫ్ట్‌లో మొదటి పన్నెండు పేర్లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లుంటే, విలియమ్స్, జేడెన్ డేనియల్స్, మైకేల్ పెనిక్స్, నిక్స్ నలుగురూ కాలేజీ మారినవాళ్లే. చేరిన చోటే ఉన్నది డ్రేక్ మే, జేజే మెకార్తీ. మిగతా స్థానాల్లో రెండోవాడికీ మ్యాచ్‌లో స్నాప్‌లు (సెంటర్ బంతి వెనక్కి అందించడంతో మొదలయ్యే ఆటలు) దొరుకుతాయి. ఇక్కడ ఆడేది ఒక్కడే, కాబట్టి రెండోవాడు వెళ్లిపోవడంలో ద్రోహమేమీ లేదు, రెప్స్ ఉన్నచోటికి వెళ్తున్నాడు. 2025-26 నుంచి విద్యాసంస్థలు ఆటగాళ్లకి నేరుగా సొమ్ము పంచవచ్చు; ఆ మొదటి ఏడాది ఒక్కోదానికి హద్దు అన్ని క్రీడలకీ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో బెంచి మీది క్వార్టర్‌బ్యాక్‌కి పెద్ద వాటా ఇవ్వాలని ఏ జట్టూ అనుకోదు. ఫలితంగా నమ్మదగిన రెండోవాడు లేని జట్లు పెరిగాయి. అక్టోబర్‌లో స్టార్టర్ మోకాలు పోతే సీజన్ పోయినట్టే.

ఒక మార్పు మాత్రం మంచిదే. ఏప్రిల్ పోర్టల్ గడువు తీసేసి 2026లో జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే ఉంచారు. అప్పుడు వచ్చినవాడికి 15 స్ప్రింగ్ ప్రాక్టీసులూ దక్కుతాయి. బరోకి 2018లో లేనివి అవే.

స్ప్రింగ్ మ్యాచ్ అంకెలు పట్టుకుని మళ్లీ కొట్లాడేముందు ఒక్కమాట. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ వేసుకునేది తాకకూడని రంగు జెర్సీ, చెయ్యి తగిలితే విజిల్. చాలా జట్లలో డిఫెన్స్‌కి ఒకటి రెండు కవరేజీలే ఇస్తారు, బ్లిట్జ్ దాదాపు ఉండదు. 22కి 18 పూర్తిచేశాడంటే దానికి విలువ లేదు. మొదటి సిరీస్‌లో మొదటి జట్టు సెంటర్ వెనక నిలబడింది ఎవరో రాసుకోండి. స్నాప్‌కి ముందు వేలు చూపించి మైక్‌ని పిలుస్తున్నది అతనా, సెంటరా? విజిల్ పడాల్సిన చోట పడకుండా ఆట సాగనిచ్చిన సందర్భాలెన్ని? వాటిలో సగం సెప్టెంబర్‌లో సాక్‌లు.