ఆడమ్ రీస్: గీతల మీద బిళ్లల లెక్క

ఏదైనా లెక్క తిరుగులేనిదని చెప్పాలంటే జర్మన్లు ఇప్పటికీ ‘నాఖ్ ఆడమ్ రీజె’ అంటారు. ఆడమ్ రీస్ లెక్క ప్రకారం అని. ఆ రీస్ 1492లోనో 1493లోనో ష్టాఫెల్‌ష్టైన్‌లో పుట్టాడు, 1559లో పోయాడు. ఎర్ఫుర్ట్‌లో లెక్కల బడి నడిపాడు, తర్వాత వెండి గనుల ఊరు అన్నబెర్గ్‌లో స్థిరపడ్డాడు. కొత్త సిద్ధాంతమేదీ ఆయన పేరు మీద లేదు. బీజగణితం మీద 1524లో రాసిన ‘కోస్’ ఆయన బతికుండగా అచ్చే కాలేదు. పేరు తెచ్చింది 1522 నాటి రెండో పుస్తకం. లాటిన్‌లో కాదు, జర్మన్‌లో రాశాడు. ముందు గీతల మీద బిళ్లలతో, ఆ తర్వాత కలంతో అంకెల లెక్క. ఈ వరసలోనే ఉంది ఆయన తెలివంతా.

బల్ల మీద అడ్డగీతలు. కింది నుంచి పైకి 1, 10, 100, 1000. గీతల మధ్య ఖాళీల్లో 5, 50, 500. ఇప్పుడు 368కి 274 కలపాలి. రెండూ పేర్చితే ఒకట్ల గీత మీద 7 బిళ్లలు, 5 ఖాళీలో 1, పదుల గీత మీద 3, 50 ఖాళీలో 2, వందల గీత మీద 5 ఉంటాయి. కింది నుంచి సర్దుకు రావాలి. గీత మీద అయిదు బిళ్లలు చేరితే ఎత్తేసి పై ఖాళీలో ఒకటి, ఖాళీలో రెండు చేరితే ఎత్తేసి పై గీత మీద ఒకటి. చివరికి 500 ఖాళీలో 1, వందల మీద 1, పదుల మీద 4, ఒకట్ల మీద 2 మిగులుతాయి: 642. పైనుంచి మొదలెడితే సర్దిన చోటే మళ్లీ సర్దాల్సి వస్తుంది. అయిదు ఎత్తడం మరిచి పైన ఒకటి పెడితే మొత్తం పెరిగిపోతుంది.

సరిచూడ్డానికి తొమ్మిదుల పరీక్ష: ప్రతి సంఖ్యనీ 9తో భాగించి శేషం చూడాలి. 368కి శేషం 8, 274కి 4. కలిపితే 12, అంటే 3. 642కీ 3. కానీ పొరపాటున 624 అని రాసినా శేషం 3 రాదా? అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టదు.

ఇంకోటి, అన్నబెర్గ్ కోసం ఆయన వేసిన రొట్టె పట్టికలు. అప్పట్లో రొట్టె ధర మారేది కాదు, ధాన్యం ధరను బట్టి తూకం మారేది. ధాన్యం ధర 4 నుంచి 6కి పెరిగితే 12 వంతులు తూగే రొట్టె 8 వంతులకి తగ్గాలి. ఇది వ్యస్త త్రైరాశికం, అంటే ఒకటి పెరిగితే రెండోది అదే నిష్పత్తిలో తగ్గే లెక్క. మామూలు త్రైరాశికం వేసేస్తే 18 వస్తుంది, రొట్టెలవాడు మునిగిపోతాడు.